నాటు వరుసలో అడిగిన మాట

నన్ను 'తొలి దశ పరిశోధకురాలు' అని సంబోధిస్తూ ఉత్తరం వచ్చేసరికి నాకు ముప్పై రెండేళ్ళు. ఆ తొలి దశలో అప్పటికే ఆరేళ్ళుగా ఉన్నాను. ఒక ఏడాది ఒక ప్రాజెక్టు, ఎనిమిది నెలలు ఇంకోటి, మధ్యలో ఖాళీ, ఖాళీలో దరఖాస్తులు. ప్రతి ప్రకటనలోనూ యువ పరిశోధకులకు అరుదైన అవకాశం అనే రాస్తారు. అంత అరుదైనవి నాకు ఏటేటా ఎలా దొరుకుతున్నాయో, దొరికినవి ఏడాది తిరక్కుండానే ఎలా అయిపోతున్నాయో పిట్లంలో ఉన్న మా అమ్మకు అర్థమయ్యేది కాదు. నాకూ అర్థం కాదు గానీ, ఫోన్లో అమ్మతో మాత్రం అంతా తెలిసినట్టే మాట్లాడేదాన్ని.

ఈసారి దొరికింది ఆత్మహత్యల నివారణ శిక్షణ మీద పని. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలకు రెండు రోజులు నేర్పిస్తారు. కుంగిపోతున్న మనిషిని గుర్తుపట్టడం, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడం, చెప్పింది తీర్పులు చెప్పకుండా వినడం, సాయం చేసేవాళ్ళ దగ్గరికి చేర్చడం. అడిగితే లేని ఆలోచన పుట్టదని, అడిగితేనే మనిషి బరువు దిగుతుందని మొదటి గంటలోనే చెబుతారు. నేర్పేది వేరేవాళ్ళు. ఆ నేర్పింది ఊళ్ళలో పనిచేస్తోందా లేదా అని కొలవడం నా పని. నన్ను కొలవడం హైదరాబాదులో కూర్చున్న మా సారు పని. పది నెలల ఒప్పందం, బాన్సువాడలో మకాం. బస్టాండుకు దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను.

శిక్షణ మండల కేంద్రంలోని మీటింగ్ హాల్లో జరిగింది. ఇరవై ముగ్గురు అక్కలు వచ్చారు. కాన్పులు, టీకాలు, బీపీ మాత్రలు, ఎన్ని రిజిస్టర్లు రాయాలో అన్నీ రాసి, ఇప్పుడు ఇదొకటా అన్నట్టు కూర్చున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. రెండో రోజు ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడగడం సాధన చేయించారు. ఎవరి నోటా రాలేదు. ఒకరు నవ్వారు, ఒకరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఇంకొకరు తిన్నవా, నిద్ర పడుతుందా అని అడిగి అక్కడితో ఆగిపోయారు. వర్ని వైపు కాలువ కింది ఊరి నుంచి వచ్చిన ఒక అక్క లేచి నిలబడింది. నలభై దాటి ఉంటాయి, గొంతు పెద్దది.

“ముంగట కూసొని, మొకంల మొకం వెట్టి సస్తవా అని అడుగుతె అది అడిగినట్టుండదు మేడం. శాపనార్థం వెట్టినట్టుంటది.”

అందరూ ఘొల్లుమన్నారు. అలవాటైతే అదే వస్తుందని శిక్షణ ఇచ్చే ఆవిడ సర్దిచెప్పింది. సాయంత్రం రాత పరీక్ష పెట్టాం. సూటిగా అడగాలా వద్దా అన్న ప్రశ్నకు ఇరవై ముగ్గురూ అడగాలనే గుర్తు పెట్టారు. ముందు రోజు పొద్దున పెట్టిన పరీక్షతో పోలిస్తే మార్కులు బ్రహ్మాండంగా పెరిగాయి. గదికొచ్చి గ్రాఫు గీసుకుని, అది పైకి లేచిన తీరు చూసి మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఊళ్ళలో వాడే ఫారం నేనే తయారు చేశాను. మూడు వారాలు పట్టింది. మొదటి పేజీలో తేదీ, ఊరు, వయసు, ఎక్కడ అడిగారు, ఒంటరిగా ఎదురెదురుగా కూర్చుని అడిగారా అన్న గడి. రెండో పేజీలో అసలు ప్రశ్న, దాని జవాబు, కింద అక్కలు ఏమైనా రాయాలనుకుంటే నాలుగు గీతల జాగా. జవాబు అవును అని వస్తే రెండు రోజుల్లోగా నేను కౌన్సెలర్‌కు చెప్పి ఆ మనిషిని కలిపించాలి. మొదటి పేజీలో ఒంటరిగా అడగలేదని ఉంటే ఆ ఫారం లెక్కలోకి రాదు. నలుగురిలో అడిగితే మనిషి నిజం చెప్పదు కదా అని మా సారు వాదన. నాదీ అదే వాదన. పుస్తకాల్లో కూడా అదే ఉంది.

యాసంగి నాట్లు మొదలయ్యే వేళకు ఫారాలు రావడం మొదలైంది. కాలువకు నీళ్ళు వదిలారు. చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పగలు ఇళ్ళలో ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు. అయినా ప్రతి మంగళవారం మీటింగులో అక్కలు కట్టలు కట్టలుగా కాగితాలు ఇచ్చేవారు. ఒక ఊరి నుంచి నలభై ఫారాలు ఒకేసారి వచ్చాయి. నలభై మందినీ ఒంటరిగానే అడిగారు, ఎదురెదురుగానే అడిగారు, నలభై మందీ లేదనే అన్నారు. అన్నిట్లో ఒకే సిరా, ఒకే వాలు, టిక్కులన్నీ ఒకే పొడవు. ఆ కాగితాలు ఏ గడప తొక్కలేదని చూడగానే తెలిసింది. నేను మరీ అంత అమాయకురాలిని కాను. కానీ అవి శుభ్రంగా ఉన్నాయి, కంప్యూటర్లో ఎక్కించడం సుళువు, సారు కూడా ఈ ఊరు బాగా చేస్తోందని మెచ్చుకున్నారు. నేను నోరు మెదపలేదు.

ఇక గొంతు పెద్ద అక్క తెచ్చేవి అన్నీ చెల్లని ఫారాలే. ఎక్కడ అడిగారు అన్నచోట 'పొలంల' అని రాసేది. ఒంటరిగా, ఎదురెదురుగా అన్న గడిలో నిక్కచ్చిగా లేదు అని పెట్టేది. కాగితాల మీద ఎండిన బురద మరకలు. రెండు మంగళవారాలు చూసి, మూడోసారి ఆమెను పక్కకు పిలిచి కాస్త గట్టిగానే అడిగాను. ఇంటికి పోయి, తలుపు దగ్గరికేసి, కూర్చుని అడగమన్నాం కదా అన్నాను.

“తలుపేస్తె ఊరంత తలుపు కాడ్నే ఉంటది మేడం. ఇంట్ల అత్త ఉంటది, మామ ఉంటడు. నాటు కాడ ఎవరి మొకం ఎవరు జూస్తరు? నడుములు వంగే ఉంటయి, చేతులు బురదలుంటయి. ఆడ అడుగుతె జెప్తరు.”

అప్పుడు నాకది సాకులా వినిపించింది. తర్వాత చూశాను కాబట్టి చెప్పగలను. నాటు వరుసలో పది పన్నెండు మంది ఆడవాళ్ళు పక్కపక్కన వంగి వెనక్కి నడుస్తూ నాటుతారు. చీర మీద మగవాళ్ళ పాత చొక్కా, తలకు తువ్వాల. ఒకవైపు ఎవరో పాట ఎత్తుకుంటారు, ఒకవైపు కోడళ్ళ ముచ్చట్లు, పక్క మడిలో ట్రాక్టరు చప్పుడు. చివరన ఉన్న ఇద్దరు కొంచెం వెనకబడితే వాళ్ళ మాట మూడో మనిషికి వినబడదు. ఎవరి కన్నూ ఎవరి మీదా ఉండదు, అందరి కళ్ళూ నారు మీదే. మాట అడిగినవాళ్ళు వెంటనే జవాబు కోసం చూడనక్కరలేదు. చెప్పేవాళ్ళు నాలుగు కుదుళ్ళు నాటాక చెప్పొచ్చు, పది కుదుళ్ళయ్యాక చెప్పొచ్చు. ఈ వెసులుబాటు మా శిక్షణ పుస్తకంలో ఎక్కడా లేదు, ఎందుకంటే దాన్ని రాసినవాళ్ళు కుర్చీలున్న గదుల్లో రాశారు.

నాలుగో మంగళవారం ఆ అక్క తన కట్ట నా చేతిలో పెట్టి, పైనున్నది ఇయ్యాల పొద్దుగాలదే, జర జల్ది చూడమంది. సరే అక్కా అన్నాను. పై కాగితం చూశాను కూడా. పొలంల. ఒంటరిగా? లేదు. దాన్ని తీసి, లెక్కలోకి రాని ఫారాలు వేసే ప్లాస్టిక్ సంచిలో వేశాను.

ఆ వారం నా బుర్ర నిండా ఇంకో దరఖాస్తు ఉంది. నా ఒప్పందం అయిపోవడానికి రెండు నెలలకు పైన కొంచెం మిగిలింది. తర్వాతి దశకు ఇంకో అవకాశం పడింది, మూడేళ్ళది. మూడేళ్ళు ఒకేచోట ఉండొచ్చు అన్న ఊహే నాకు పండగలా ఉంది. పగలంతా ఫారాలు ఎక్కించడం, మిగిలిన పొద్దంతా ఆ దరఖాస్తు దిద్దడం. మెడ పట్టేసి, కళ్ళు మండి, ఎవరు పలకరించినా విసుక్కునే స్థితికి వచ్చాను. ఆ అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఫారాల గొడవే అయ్యుంటుందనుకుని ఎత్తలేదు. మీటింగులో ఉన్నాను, తర్వాత మాట్లాడతాను అని మెసేజి పెట్టాను. మీటింగు లేదు, తర్వాత మాట్లాడనూ లేదు. మూడోసారి ఆమె చేయలేదు. తర్వాతి మంగళవారం ఆమె మీటింగుకు రాలేదు, నాట్ల మీద ఉందన్నారు, నేను ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులకు, శనివారం మధ్యాహ్నం సారు ఫోన్ చేశారు. దరఖాస్తులో రాయడానికి చెల్లని ఫారాలు ఎన్నో చెప్పమన్నారు. సంచి మంచం మీద గుమ్మరించి లెక్కపెడుతున్నాను. ఒకటి చేతిలోంచి జారి తిరగబడి పడింది. రెండో పేజీ పైకి వచ్చింది. జవాబు దగ్గర అవును అని ఉంది. కింద నాలుగు గీతల జాగాలో, బాల్‌పెన్ను ఒత్తి ఒత్తి రాసిన ఒకటే వాక్యం: 'ఎవరన్న రావాలె.'

మొదటి పేజీ తిప్పి తేదీ చూశాను. వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో నేను ఎదురుగా ఉన్న లాప్‌టాప్‌లో, జవాబు అవును అని వచ్చిన ప్రతి ఒక్కరినీ రెండు రోజుల్లోగా సాయానికి చేర్చే ఏర్పాటు మా దగ్గర ఉంది అని రాసి, ఆ వాక్యాన్ని ఇంకా అందంగా ఎలా రాయాలా అని మూడుసార్లు దిద్దాను.

అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ. ఎత్తలేదు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా రోడ్డు మీదికి వచ్చి వర్ని వైపు పోయే ఆటో ఎక్కాను. ఆటోవాడు నిండేదాకా కదలనన్నాడు. మొత్తం ఆటోకి నేనే ఇస్తాను పోనీయమన్నాను. ఎవరన్నా పోయిన్రా మేడం అని అడిగాడు, మామూలుగానే, అంత తొందరగా పోయేవాళ్ళను అందరూ అడిగే మాటే. ఆ అరగంట దారిలో నేను దేవుడికి దండం పెట్టలేదు. ఆ మనిషి బతికుండాలని మాత్రం ఏదో ఒకదాన్ని అడుక్కుంటూనే ఉన్నాను. మధ్యమధ్యలో, ఛీ, నా ఉద్యోగం ఏమవుతుందో అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవాలి.

ఊళ్ళో అక్క ఇంటికి తాళం. పక్కింటి ముసలమ్మ కాలువ అవతలి మడి చూపించింది. గట్టు మీద రెండుసార్లు జారి, ఒక చెప్పు బురదలో వదిలేసి పోయాను. వరుసలో పన్నెండు మంది ఉన్నారు. అందరూ వంగి ఉన్నారు, అందరూ చొక్కాలు వేసుకున్నారు, ఎవరు ఎవరో తెలియదు. నేను గట్టు మీద నిలబడి అక్కా అని పిలిచాను. ఒక నడుము మెల్లగా లేచింది. ఆమె చేతిలో ఉన్న నారు పక్కామెకిచ్చి, మోకాళ్ళ లోతు బురదలో నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. మేడం అనలేదు.

“ఇయ్యాల ఎన్నో దినం?” అంది.

పదకొండు అన్నాను.

“నాకెరికే. నీకెరికనో లేదో అని అడిగిన.”

అవునన్నది ఎవరని అడిగాను. అక్క గడ్డంతో చూపించింది. చివరి నుంచి రెండో మనిషి, నీలం గీతల చొక్కా. పాతికేళ్ళు కూడా ఉండవు. నాటుతోంది, చేతులు చకచకా పోతున్నాయి. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. అక్క ఓదార్చలేదు. కాలువ నీళ్ళలో చేతులు కడుక్కుంటూ ఏం జరిగిందో చెప్పింది.

ఆ పిల్ల అవునన్న రోజే ఈమె ఆ ఇంటికి పోయి, ఇంట్లో ఉండకూడనివన్నీ తీయించి తన ఇంటికి పట్టుకొచ్చింది. నాట్లకు మనిషి తక్కువుందని అబద్ధం చెప్పి, ఆ పిల్లను తన గుంపులో కలుపుకుంది. ఏ మడికి పోతే ఆ మడికి తన పక్కనే నిలబెట్టుకుంది. రెండు పూటలా తనతోనే తినిపించింది. తనకు నడుము నొప్పని, ఆ పిల్ల కాస్త నూనె రాస్తుందని ఆమె అత్తకు చెప్పి, రాత్రుళ్ళు ఆ ఇంట్లోనే పడుకుంది. ఇన్ని రోజులూ తన ఇంట్లో పొయ్యి వెలిగించింది అక్క పెనిమిటి. మీటింగుకు రాకపోవడానికీ కారణం ఇదే. ఆ పిల్లను వదిలి రాలేకపోయింది. ఇవన్నీ ఆమె గొప్పగా చెప్పలేదు, ఇంటి పని పురమాయించినట్టు ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది.

“శిక్షణల ఏం జెప్పిన్రు? అడుగున్రి, కాయితం రాయున్రి, మేం వస్తమన్రు. అడిగిన. రాసిన. పదకొండు దినాలు నేను కన్ను మూయలే. నువ్వు కాయితాలు సదురుకుంట కూసున్నవ్.”

గడి గురించి చెప్పబోయి ఊరుకున్నాను. ఆ గడిలో అక్క నిజం రాసింది. నలభై అబద్ధాలను నెత్తిన పెట్టుకుని ఆ ఒక్క నిజాన్ని సంచిలో వేసింది నేను.

ఆ సాయంత్రమే కౌన్సెలర్‌తో ఆ పిల్లను ఫోన్లో మాట్లాడించాను. అక్క ఇంటి వాకిట్లో ఆ పిల్ల అరగంటకు పైగా మాట్లాడింది. వారానికొకసారి వచ్చే మానసిక వైద్యుడు సోమవారం వస్తాడని కనుక్కుని, సోమవారం పొద్దున్నే ముగ్గురం బాన్సువాడ దవాఖానకు పోయాం. ఆ పిల్లకు ఎందుకలా అనిపించిందో ఇక్కడ రాయను. ఫారంలో కారణం అన్నచోట ఒకటే గడి పెట్టాను, ఆమె చెప్పినవి ఒక గడిలో పట్టేవి కావు, పైగా అవి ఆమెవి.

దవాఖానలో చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. అక్క చీటీ రాయించడానికి వరుసలో నిలబడింది. బెంచీ మీద ఆ పిల్ల, నేను. ఫారం నా దగ్గరే ఉండిపోయిందని, తప్పు నాదని అప్పటికే రెండుసార్లు చెప్పాను. ఆమె వింది. కాసేపటికి చీర అంచు వేలికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అంది:

“ఎవ్వలకు చెప్పని మాట అక్కకు చెప్పిన. ఎవరో మేడం వస్తదన్నది. ఇయ్యాలొస్తది, రేపొస్తది అని జూసిన. రాకపోయెవరకల్ల, చెప్పుడే తప్పయ్యిందేమో అనుకున్న.”

తర్వాత, నన్ను ఇబ్బంది పెట్టాననుకుందేమో, మీకు గూడ పనులు శానా ఉంటయి గద మేడం అంది. నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ సానుభూతి మాత్రం ఇప్పటికీ అరగలేదు. నువ్వు చెప్పింది తప్పు కాదు, నువ్వు చెప్పడం వల్లే ఇవాళ మనం ఇక్కడున్నాం అన్నాను. అది నిజమే గానీ, ఆ నిజాన్ని నిలబెట్టింది నేను కాదు. డాక్టరు ఓపికగా మాట్లాడాడు, మందులు రాశాడు, మళ్ళీ వారం రమ్మన్నాడు. మళ్ళీ వారం ఆమె వచ్చింది. మూడోసారికి అక్క లేకుండా, ఆడబిడ్డను తోడు తీసుకుని తానే బస్సెక్కి వచ్చింది.

సారుకు అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. ముందు ఆ అమ్మాయి ఎలా ఉందని అడిగారు, బాగుందంటే గట్టిగా ఊపిరి తీసుకున్నారు. తర్వాత, ఫారం మనకు అందినట్టు లెక్క నువ్వు చదివిన రోజు నుంచే కదా, ఆ తేదీ వేస్తే రెండు రోజుల లోపలే వస్తుంది అన్నారు. ఆయన గొంతులో కూడా నా గొంతులో ఉన్న అలసటే ఉంది. ఆయన కింద నాలాంటి వాళ్ళు ఐదుగురు, ఆయన పైన ఎవరో. నేను ఆ తేదీ వేశాను. గంటసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. తర్వాత కొట్టేసి, ఇచ్చిన తేదీ, చదివిన తేదీ, మధ్యలో పదకొండు రోజులు, కారణం పరిశోధకురాలి పొరపాటు అని రాశాను. ఆ పిల్ల బెంచీ మీద అన్న మాటను, ఆమెను అడిగి, ఊరు పేరు లేకుండా నివేదికలో పెట్టాను. ఇది డేటా కాదు తీసేయమన్నారు సారు. తీయలేదు.

మూడేళ్ళ అవకాశం రాలేదు. మర్యాదగా రాశారు, ఈసారి దరఖాస్తులు ఎక్కువ వచ్చాయని, తొలి దశలో ఉన్నవాళ్ళు నిరుత్సాహపడవద్దని. దానికి కారణం ఆ పదకొండు రోజులేనో, ఇంకేదో నాకు తెలియదు. బాధ మాత్రం పడ్డాను. గొప్ప పని చేశానన్న తృప్తి ఏదో ఉంటుందనుకుంటారు గానీ, నాకు అలాంటిదేమీ కలగలేదు. గదిలో దుప్పటి కప్పుకుని ఒక పగలంతా పడుకున్నాను.

ఆ తర్వాతి వారమే ఇరవై ముగ్గురు అక్కలకు మళ్ళీ ఒక పూట శిక్షణ. ఈసారి నేను మాట్లాడతానని అడిగి మరీ లేచాను. ఆ గడి తీసేశానని చెప్పాను. ఎవరు ఎక్కడ అడిగినా, ఎలా అడిగినా రాయమన్నాను. అప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఊరు చెప్పలేదు, అక్కను చూపించలేదు, ఫారం మాత్రం నా సంచిలోనే పడుందని చెప్పాను. వెనక వరుసలో నలభై ఫారాల ఊరి అక్క లేచి నిలబడింది. ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసనుకున్నాను. అడగడానికి నోరు రాలేదంటుంది, శాపం పెట్టినట్టుంటుందంటుంది. అది కాదు.

“మేం అడగనే లేదు మేడం, ఉత్తగనే రాసినం,” అంది. “అడుగుతె ఎవరన్న అవునంటరేమోనని బుగులు. అవునన్నంక ఎవరొస్తరు? ఇగో, మీరు చెప్పవడ్తిరి గద.”

ఎవరొస్తారని ఆమె అడిగింది నన్నే. ఇరవై ముగ్గురూ నా వైపే చూశారు. నేనొస్తాను అనడానికి నోరు తెరిచాను. నా ఒప్పందం ఇంకా ఆరు వారాలుంది. ఆ మాటే చెప్పాను. ఆరు వారాల దాకా నేను వస్తాను, అదే రోజు వస్తాను, కౌన్సెలర్ నంబరు గోడ మీద రాసి పెడతాను, తర్వాత ఎవరొస్తారో సారునడిగి చెబుతాను అన్నాను. చివరికొచ్చేసరికి నా గొంతు నాకే వినబడలేదు. వాళ్ళు ఇలాంటివి ఇంతకు ముందు కూడా విన్నట్టున్నారు.

ముందు వరుసలోంచి గొంతు పెద్ద అక్క లేచింది. ఆమె మాటల్లో విసుగుంది, నా మీదో, అందరి మీదో తెలియలేదు. నాకు ఫోన్ జెయ్యున్రి, నేనొస్త అని నంబరు చెప్పింది. పెన్నులు బయటికి వచ్చాయి. ఇరవై రెండు మంది రాసుకున్నారు.

శిక్షణ అయ్యాక ఆమె ఒక్కతే బస్టాండు వైపు నడుస్తోంది. సంచి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ, మధ్యలో ఒకసారి ఆగి గోడకు చెయ్యి ఆనించింది. నేను పరుగెత్తి ఆమెను కలుసుకున్నాను. నిద్ర పడుతోందా అక్కా అన్నాను. లేదంది. పదకొండు రోజులు అయిపోయినా ఆ బుగులు పోలేదని, ఫోన్ మోగితే గుండె గుభేలుమంటోందని అంది. ఇన్ని నెలలుగా ఆ ప్రశ్న ఎందరు అడిగారో, ఎందరు అడగలేదో లెక్కలు కట్టాను గానీ, నేను ఎవరినీ అడిగింది లేదు. ఆ రోజు అడిగాను. చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపిస్తుందా అక్కా అని, సూటిగా, ఆ మాటలతోనే అడిగాను.

ఆమె నడక ఆపలేదు. అవుననలేదు, కాదనలేదు. పండ్ల బండ్లు దాటాం, టీ కొట్టు దాటాం.

“అడిగినవ్ గద,” అంది చివరికి. “ఇగ రేపు గూడ రావాలె మరి.”

వస్తానన్నాను. తెల్లారి మొదటి బస్సుకే వెళ్ళాను.